సంపీస్తానన్న మాట

నేను పనిచేసిన బడిలో తెలుగు పీరియడ్ అంటే వేళ్లు వాచే పీరియడ్ అని పిల్లల్లో పేరు. నాకు ముందు ఆ పాఠం చెప్పిన మాస్టారు, మాట మధ్యలో హిందీ ముక్క దొర్లితే చెక్క స్కేలును నిలువుగా తిప్పి వేళ్ల కణుపుల మీద కొట్టేవారు. "నల్‌లో పానీ రాలేదండి" అన్న పిల్లకు కుళాయిని నల్ అన్నందుకు ఒక దెబ్బ, నీళ్లను పానీ అన్నందుకు ఒక దెబ్బ. ఆయన రిటైరయ్యాక ఆ తరగతులు నాకు అప్పగించారు. మొదటిరోజు ఒక పిల్లను లేపి ఏదో అడిగితే, ఆ పిల్ల జవాబు చెప్పడానికి ముందే చేతులు రెండూ ముందుకు చాపింది. ఒక వేలు విరిగి వంకరగా అతుక్కుని ఉంది.

అరవైల మధ్య కాలం అది. మాది విజయనగరం వైపు. మా ఆయన భిలాయిలో రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసేవారు. ఖుర్సీపార్‌లో మా వీధిలో శ్రీకాకుళం వాళ్లు, ఛత్తీస్‌గఢీలు, బిహారీలు గోడకు గోడ ఆనుకుని కాపురాలు చేసేవారు. షిఫ్టు దిగి వచ్చిన తండ్రి గుమ్మం బయట హిందీలో, గుమ్మం లోపల తెలుగులో మాట్లాడతాడు. పిల్లలు గుమ్మం మీద నిలబడి పెరిగారు. వాళ్ల నోట్లో రెండూ కలిసిపోతే అది నేరమెలా అవుతుందో నాకు బోధపడలేదు. స్కేలు బల్ల సొరుగులో పడేసి, పదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను.

పరిశోధన అని దానికి పెద్ద పేరే పెట్టాను. ఎవరికి నచ్చిన చోట వాళ్లు కొన్నాళ్లు కూర్చుని, మన చుట్టూ ఉన్న మనుషులు ఏ పనికి ఏ భాష వాడుతున్నారో విని వచ్చి చెప్పాలి. బేరమాడేది ఏ భాషలో, దేవుడికి మొక్కుకునేది ఏ భాషలో, పసిబిడ్డను నిద్రపుచ్చేది ఏ భాషలో. కొందరు బజారు ఎంచుకున్నారు, కొందరు గుడి. ఒక పిల్ల మాత్రం లేచి, "నేను తగువులు వింటానండి బెహన్‌జీ" అంది. అక్కడ ఆడ టీచర్లను పిల్లలు అలాగే పిలిచేవారు.

తరగతంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. పొడుగ్గా, సన్నగా ఉండేది. గొంతు కాస్త బొంగురు. తండ్రి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు.

"తగువులే ఎందుకే?" అన్నాను.

"దెబ్బలాడినప్పుడు ఎవలూ సోచ్ చేసి మాటాడరు కదండి. అప్పుడు నోట్లోంచి వచ్చీదే అసలు భాష."

ఆ జవాబుకు నాకు ముచ్చటేసింది. ఒప్పుకున్నాను. రెండే మాటలు చెప్పాను. విన్నది విన్నట్టే పట్టుకో, నీకు బాగున్నట్టు దిద్దకు. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో అది కూడా గుర్తుపెట్టుకో, ఎందుకంటే మాట ఒక్కటే పట్టుకొస్తే సగమే తెచ్చినట్టు.

మా వీధి చివర ఒక కుళాయి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం కాసేపు నీళ్లొచ్చేవి. ఆ కాసేపట్లోనే నలభై ఇళ్ల కోపం అక్కడ బయటపడేది. ఆ పిల్ల కల్వర్టు గట్టు మీద కూర్చుని వినేది. రెండు వారాల్లో తరగతికి వచ్చి చెప్పిన సంగతులు నన్నే ఆశ్చర్యపరిచాయి. మనవాళ్లు తగువు హిందీలో మొదలుపెడతారు, ఎదుటివాళ్లకు అర్థం కావాలి కనుక. జుట్లు పట్టుకునే సరికి తెలుగులోకి వచ్చేస్తారు, అప్పుడు అర్థం కానక్కర్లేదు కనుక. ఇంకో సంగతి చెప్పింది. కుళాయి దగ్గర అందరికంటే ఎక్కువగా వినబడే మాట 'సంపీస్తాను'. చంపేస్తాను అనడానికి మా వైపు పలుకు అది. కానీ ఆ మాట పగవాళ్ల మీద కంటే కడుపున పుట్టినవాళ్ల మీదే ఎక్కువ పడుతోందట.

"మా అమ్మ నన్ను పొద్దున్న లేపీదే ఆ మాటతోనండి" అంది. పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి తనూ నవ్వింది.

ఆ వారంలోనే, ఒక మధ్యాహ్నం, ఆ పిల్ల మా ఇంటి తలుపు రెండు చేతులతో బాదింది. తలుపు తీస్తే లంగా అంచు నిండా నెత్తురు. తనకే ఏదో అయిందనుకుని పట్టుకోబోయాను.

"నాది కాదండి. రండి బెహన్‌జీ, రండి, సచ్చిపోతాదేమో!"

పరుగెత్తాను. కుళాయి కింద నీళ్లు వదిలేసినట్టే పారుతున్నాయి. ఆ నీళ్లలో ఒక ఛత్తీస్‌గఢీ మనిషి వెల్లకిలా పడి ఉంది. బజారులో కూరలమ్మే ఆవిడ, నేను రోజూ ఆవిడ దగ్గరే కొనేదాన్ని. కనుబొమ చీలిపోయి తెల్లగా ఎముక కనబడుతోంది. దాని కింద కన్ను ఉండాల్సిన చోట ఏముందో చూడలేకపోయాను. "మోర్ ఆంఖీ, మోర్ ఆంఖీ" అంటోంది. నా కన్ను, నా కన్ను అని. కొంచెం దూరంలో మా వెనక వరుసలో ఉండే శ్రీకాకుళం ఆవిడ బకెట్టు పట్టుకునే నిలబడి ఉంది. దుకాణంలో కొన్న బకెట్టు కాదది. మందపాటి రేకుతో అతికించుకున్నది, ఖాళీగా ఉన్నా బరువే. దాని అంచు నుంచి నెత్తురు కారుతోంది. ఆవిడ నాలుగేళ్ల కొడుకు కాలు పట్టుకుని కేకలు పెడుతున్నాడు. ఆవిడకు ఆ కేకలు వినబడుతున్నట్టు లేదు.

నా చీర కొంగు చింపి ఆ ముఖానికి చుట్టాను. చుట్టినకొద్దీ తడిసిపోయింది. ఇద్దరు మగవాళ్లు వచ్చి రిక్షాలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికింది. కన్ను పోయింది.

ఆ సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే పక్క బస్తీ నుంచి మనుషులు కర్రలతో వచ్చారు. శ్రీకాకుళం ఆవిడ ఇంటి తలుపు గొడ్డలితో కొట్టారు. ఆవిడను అప్పటికే పోలీసులు తీసుకుపోయారు. దొరికింది మొగుడు. వీధిలోకి ఈడ్చి కొట్టారు. కర్ర మోకాలి మీద పడ్డప్పుడు వచ్చిన శబ్దం మా ఇంట్లోకి వినబడింది. ఇంటికి నిప్పు పెట్టారు. ఇంటి వెనక కట్టిన మేక అరుస్తూ కాలిపోయింది. అది చూసి మనవాళ్ల కుర్రాళ్లు ఇనపముక్కలు పట్టుకుని వెళ్లి, ఏ పాపమూ ఎరగని ఒక ఛత్తీస్‌గఢీ టీ దుకాణం వాడి పళ్లు రాలగొట్టారు. మా ఆయన షిఫ్టు నుంచి వస్తుంటే వీధి మొగలో ఎవరో "కౌన్ హై? తేలుగు హై క్యా?" అని అడిగారట. ఆయన జవాబు చెప్పకుండా సైకిలు వదిలేసి పరుగెత్తారు. ఆ రోజు మా వీధిలో భాష అడిగి కొట్టారు. స్కేలుతో కొట్టిన మాస్టారూ భాష అడిగే కొట్టాడు కదా అని నాకు అప్పుడే అనిపించింది.

పోలీసులు లాఠీలతో వచ్చి రెండు వైపులా కొట్టాక వీధి సద్దుమణిగింది.

కేసు ఎలా తయారైందో తరవాత తెలిసింది. శ్రీకాకుళం ఆవిడకు హిందీ రాదు. పోలీసు థానాలో కాస్త తెలుగు వచ్చిన కానిస్టేబులు ఒకడు, "చంపేస్తానని అన్నావా?" అని అడిగాడట. "అన్నానయ్యా, అనకేటి" అందట ఈవిడ. కాగితం మీద అది 'జాన్ సే మార్ దూంగీ' అయింది. ప్రాణం తీస్తానని చెప్పి మరీ కొట్టింది కనుక హత్యాయత్నం అన్నారు. కుళాయి దగ్గర గట్టు మీద కూర్చుని అందరి మాటలూ వినే స్కూలు పిల్ల ఒకతి ఉందని ఎవరో చెప్పారు. సాక్షిగా రమ్మని ఆ పిల్లకు సమను వచ్చింది.

సమను వచ్చిన మర్నాడే మనవాళ్ల పెద్దలు మా వరండాలోకి వచ్చారు. అందరూ నాకంటే వయసులో పెద్దవాళ్లు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పంతులమ్మా, నీ మాట ఆ గుంట వింటాది. కుళాయి సప్పుడులో ఏటీ ఇనబడనేదని సెప్పమను. అంతే సాలు."

"వినబడింది కదండీ."

"ఇనబడితే? పదేళ్లు జైల్లో కుళ్లిపోవాలేటి ఆ మనిషి? సిన్న గుంటడున్నాడు ఇంటికాడ."

"ఆ పిల్ల చెప్పేదే ఆవిడకు పనికొస్తుందేమో. ఆ మాట మనవాళ్లు ఎలా వాడతారో దానికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు."

"కోర్టోడికి పాఠం సెప్తాదేటి నీ గుంట?" అని ఒకాయన నవ్వాడు. దిగి వెళ్తూ ఇంకొకాయన, "నీకూ ఇల్లుంది పంతులమ్మా, నిప్పెడితే కాలీ ఇల్లే" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

అటువైపు వాళ్లు ఊరుకోలేదు. బడి గేటు దగ్గర ఇద్దరు మగవాళ్లు నిలబడి, ఆ పిల్ల బయటికి రాగానే జడ పట్టుకుని, అది చంపేస్తానని అందని గట్టిగా చెప్పు, గొంతెత్తి చెప్పు, లేకపోతే నీకూ ఒక కన్నే మిగులుతుంది అని బెదిరించారు. చౌకీదారు విడిపించాడు. మా పెద్ద బెహన్‌జీ, అంటే హెడ్‌మిస్ట్రెస్, నన్ను గదిలోకి పిలిచి, పిల్లలకు పాఠం చెప్పమంటే ఊరి తగువులు తెచ్చి బడిలో పోశావని కేకలేసింది. ఇక ఆ పని ఆపెయ్యమంది. ఆ పిల్లతో నాకు సంబంధం లేదని రాసిమ్మంది. రాసివ్వలేదు.

తరవాత ఆ పిల్ల బడికి రావడం మానేసింది. వాళ్లింటికి వెళ్లాను. తండ్రి గుమ్మంలోనే ఉన్నాడు. బొగ్గు మసి గోళ్లలోంచి ఎప్పటికీ పోని చేతులు. లోపల గోడకు ఆనుకుని ఆ పిల్ల. ఒక చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది. ముంజేతి మీద బెల్టు బకిలీ గుర్తు, నలుచదరంగా, నీలంగా.

"కొట్టినాను" అన్నాడు నేను అడక్కముందే. "నా కూతురు. మనోలంతా ఉమ్మేస్తన్నారు. నాను ఆడపిల్లని కోర్టుకి పంపుతానేటి?"

"సమను వచ్చింది. పంపకపోతే పోలీసులే తీసుకుపోతారు."

"అయితే నాను సెప్పమన్నదే సెప్తాది. నువ్వు ఎల్లిపో పంతులమ్మా. నువ్వు ఇచ్చిన పనే ఇదంతా తెచ్చింది."

నేను ఆయనతో కాక ఆ పిల్లతో మాట్లాడాను. "నువ్వు ఏం చెప్పినా నాకేం కోపం లేదే. నీ చదువుకు దీనితో సంబంధం లేదు. మీ నాన్న చెప్పినట్టు చెప్పినా నువ్వు నా విద్యార్థివే."

వాచిన పెదవులతోనే మాట్లాడింది. "విన్నది వినలేదంటే, మరి ఇన్నాళ్లూ నేను చేసిందేటి బెహన్‌జీ?"

తండ్రి చేతికందిన కంచం తీసి గోడకేసి కొట్టాడు. అది నా తల పక్కనుంచి పోయింది. తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి, "ఎల్లండమ్మా, రేపు నానే తెస్తాను దాన్ని" అంది గుసగుసగా.

అన్నట్టే మర్నాడు, వాయిదా రోజున, తల్లి ఆ పిల్లను బస్టాండుకు తెచ్చి నాకు అప్పగించి, గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. జిల్లా కోర్టున్న దుర్గ్‌కు బస్సులో ఇద్దరమే వెళ్లాం. దారంతా ఆ పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కోర్టు వరండాలో ఒక చివర మనవాళ్లు, ఇంకో చివర కూరల ఆవిడ వైపు వాళ్లు. మేము మధ్యలోంచి నడిచాం. ఎవరో ఉమ్మారు. ఏ వైపునుంచో చూడలేదు.

లోపల శ్రీకాకుళం ఆవిడ బోనులో నేలమీద కూర్చుని ఉంది. కూరల ఆవిడ ఎదర బెంచీ మీద, సగం ముఖానికి గుడ్డ కట్టుకుని. ఆవిడ సాక్ష్యం అంతకుముందే అయిపోయింది.

ఆ పిల్ల హిందీలోనే చెప్పింది. మాలో ఎవరికీ రానంత శుభ్రమైన హిందీ. సర్కారు వకీలు అడిగాడు, ముద్దాయి జాన్ సే మార్ దూంగీ అందా లేదా?

"అలా అనలేదండి. సంపీస్తాను అంది."

"దాని అర్థం?"

"చంపేస్తానని."

"రెండూ ఒకటే కదా?"

"అర్థం అడిగితే ఒకటేనండి. ఎప్పుడంటారని అడిగితే ఒకటి కాదు."

వకీలు జడ్జి వైపు చూసి నవ్వాడు. జడ్జి నవ్వలేదు. వివరంగా చెప్పమన్నాడు. ఆ పిల్ల చెప్పింది. బిందె ఒలకబోశాడని అంతకు కాసేపటి ముందే ఈవిడ తన కొడుకును అదే మాట అంది. రోజూ అంటుంది. మా అమ్మ నన్ను అంటుంది. కుళాయి దగ్గర తెలుగువాళ్లలో ఆ మాట అనని ఆడమనిషి లేదు. ఈవిడ తన బకెట్టు వరుసలో ముందుకు జరిపినందుకు తగువు మొదలైంది. ముందు జుట్టు పట్టుకుంది కూరల ఆవిడ. పట్టుకున్నప్పుడు ఆవిడ కూడా తన భాషలో, తోలా మార్ డారహూఁ, నిన్ను చంపేస్తాను అంది.

"ఇదంతా నీకెలా గుర్తుంది?"

"వినడమే నా పని అండి. బడిలో ఇచ్చారు."

జడ్జి నన్ను నిలబడమన్నాడు. ఈ పిల్లకు ఇలా చెప్పమని నేర్పింది మీరేనా అన్నాడు. "విన్నది మార్చకుండా చెప్పమని నేర్పానండి. ఏం విన్నదో దానికే తెలుసు" అన్నాను. కూర్చోమన్నాడు.

వకీలు మళ్లీ లేచాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది. "సరే, అమ్మాయీ. విన్నది చెప్పావు. చూసింది కూడా చెప్పు. ఎన్నిసార్లు కొట్టింది?"

ఆ పిల్ల బోను వైపు చూసింది. శ్రీకాకుళం ఆవిడ కూడా తలెత్తి ఈ పిల్లనే చూస్తోంది.

"రెండుసార్లు."

"రెండోసారి కొట్టినప్పుడు బాధితురాలు నిలబడి ఉందా?"

"లేదండి. కింద పడి ఉంది."

వెనకనుంచి ఒక మగ గొంతు, "నీ నోరు పడిపోనూ!" అని తెలుగులో అరిచింది. ముద్దాయి మరిది. బంట్రోతు అతన్ని బయటికి నెట్టాడు. ఆ గొడవ మధ్యలో కూరల ఆవిడ బెంచీ మీంచి లేచింది. ఎవరూ ఆవిడను పిలవలేదు. ఒక్క కన్నుతో జడ్జినే చూస్తూ, "హవ్ సాహెబ్, మహూఁ కహే రహేఁవ్" అంది. అవును, నేనూ ఆ మాట అన్నాను అని. ముఖం మీది గుడ్డ లాగి చూపించింది. "అన్నాను. కానీ నేను కొట్టలేదు. ఇది చూడు" అంది. చూసినవాళ్లు తలలు తిప్పుకున్నారు. జడ్జి తిప్పుకోలేదు. ఆవిడ అన్నది రాసుకోమని గుమాస్తాకు చెప్పాడు.

మేము కోర్టు ఆవరణ దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి మరిది, ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారు. అతను ఏమీ మాట్లాడలేదు. చేతిలో ఇటుక ముక్క ఉంది. ఆ పిల్ల తలకు గురిపెట్టాడు. నేను అడ్డం వెళ్లాను. నా నోటికి తగిలింది. నోట్లో ఏదో గట్టిగా తిరుగుతుంటే ఉమ్మాను, అది నా పన్ను. కిందికి వంగాను, అంతలో ఎవరో నా మీదుగా దూకారు.

ఆ పిల్ల తండ్రి. ఎప్పుడొచ్చాడో, కోర్టులో ఎక్కడ నిలబడ్డాడో తెలీదు. మరిది మీద పడి గొంతు పట్టుకున్నాడు. "నా గుంట మీద సెయ్యేస్తే సంపీస్తాను!" అని అరుస్తున్నాడు. ఆ చేతుల్లో పెద్ద పెద్ద పారలతో బొగ్గు ఎత్తిన బలం ఉంది. మరిది ముఖం నల్లబడింది. నాలుక బయటికి వచ్చింది. మిగతా ఇద్దరూ తండ్రి వీపు మీద, భుజం మీద రాళ్లతో కొట్టారు. భుజం దగ్గర ఎముక విరిగిన తరవాతే ఆ పట్టు వదిలింది. లేకపోతే ఆ రోజు ఇంకో కేసు అయ్యేది. కోర్టు పోలీసులు వచ్చి అందర్నీ లాఠీలతో చెదరగొట్టారు.

దుర్గ్ ఆసుపత్రి వరండాలో నేను నోటికి దూది పెట్టుకుని కూర్చున్నాను. లోపల తండ్రికి కట్టు కడుతున్నారు. ఆ పిల్ల ఆయన చొక్కా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా వైపు తిరిగింది.

"బెహన్‌జీ, మా నాన్న ఇందాక ఆ మాట నిజంగానే అన్నాడు."

తల ఊపాను.

"అయితే నేను కోర్టులో తప్పు చెప్పానా?"

మాట్లాడితే నెత్తురు వస్తోంది. అయినా చెప్పాలి. ఇన్నేళ్ల పంతులమ్మ ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత కష్టమైన ప్రశ్న అడగలేదు. "ఆ మాట అన్నవాళ్లంతా చంపరని చెప్పావు. ఒక్కరూ చంపరని చెప్పలేదు కదా. తప్పేం లేదు. ఇవాళ విన్నది కూడా దానికి కలుపుకో" అన్నాను. నిజానికి నాకు అంత నిబ్బరం లేదు. ఒక మాటను మనం ఎన్నిసార్లు విన్నా, తరవాతిసారి అది ఏ చేతిలోంచి వస్తుందో చెప్పలేమని ఆ పిల్ల నాకంటే ముందే పట్టుకుంది. పిల్లలకు వినడం నేర్పడమంటే చెవులు శుభ్రం చెయ్యడమని నేను అనుకునేదాన్ని. విన్నదాన్ని మోసుకు తిరగడానికి భుజాలు కూడా కావాలి. ఆ సంగతి నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

తండ్రిని స్ట్రెచర్ మీద బయటికి తెచ్చినప్పుడు ఆ పిల్ల లేవలేదు. ఆయన కొట్టిన చెంప ఇంకా వాచే ఉంది. ఆయన ఎడమ చెయ్యి చాపితే, కాస్సేపు ఆ చేతిని చూసి, చొక్కా దాని మీద పెట్టింది.

తీర్పులో హత్యాయత్నం కొట్టేశారు. ఆ మాట వల్ల చంపే ఉద్దేశం రుజువు కాలేదన్నారు. పడిపోయిన మనిషిని కొట్టి కన్ను పోగొట్టినందుకు మాత్రం శిక్ష పడింది, రాయపూర్ జైలుకు పంపారు. మనవాళ్లకు ఆ పిల్ల రెండో దెబ్బ గురించి చెప్పిందన్నదే గుర్తు. ఆ పిల్ల చెప్పిన మిగతాదాని వల్లే ఆవిడకు శిక్ష చాలా ఏళ్లు తగ్గిందన్నది ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. కొన్ని నెలలు వాళ్లింటి మీద రాళ్లు పడ్డాయి. తండ్రి భుజం వంకరగానే అతుక్కుంది, తేలిక పనికి మార్చారు. కానీ ఆయనే ఆ పిల్లను హయ్యర్ సెకండరీ పరీక్షకు తీసుకెళ్లాడు, ఆయనే రాయపూర్ కాలేజీలో చేర్పించాడు. కాలేజీలో ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే, "ఏటో భాషల సదువంట, నాకేటి తెలుసు" అనేవాడు.

నన్ను ఇంకో సెక్టారు బడికి మార్చారు. అక్కడ కూడా పిల్లలను వినడానికి పంపాను. అయితే వెళ్లే చోటుకు ముందు నేను వెళ్లి చూసి వచ్చేదాన్ని, వాళ్లు వినేటప్పుడు వాళ్ల పక్కనే కూర్చునేదాన్ని. మా ఆయన నవ్వేవారు, పంతులమ్మవా, కాపలాదారువా అని.

శ్రీకాకుళం ఆవిడ విడుదలై వచ్చేసరికి ఆ దశాబ్దం అయిపోవచ్చింది. ఒక మధ్యాహ్నం మా వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. గుర్తుపట్టలేదు. జుట్టంతా నెరిసిపోయింది. "పహచానీ నహీఁ క్యా, బెహన్‌జీ?" అంది, గుర్తుపట్టలేదా అని. జైల్లో ఉండి ఉండి హిందీ వచ్చేసింది. లోపలికి రమ్మన్నాను. కూర్చున్నాక తెలుగులోకి వచ్చింది, కానీ మాట మాటకూ తడుముకుంటోంది. మొగుడి కాలు ఆ రోజు విరిగిన తరవాత సరిగా రాలేదు, ఊరికి వెళ్లిపోయాడు. కొడుకూ అక్కడే, నాన్నమ్మ దగ్గర.

భుజం మీద రవిక చిరిగి, కింద చర్మం లేచిపోయి ఉంది. ఏమైందని అడిగాను.

"బజారుకెళ్లినాను పంతులమ్మా. ఆ కూరలామె ముందు కూకున్నాను. తక్కెట్లో రాయి తీసి ఇసిరింది."

"ఏమైనా అందా?"

"నేదు. ఏటీ అననేదు. ఒక్క మాటా అననేదు." రవిక చిరుగును కొంగుతో కప్పుకుంది. "ఏదో ఒకటి అంటాదని అంత దూరం ఎల్లినాను."

గాయం కడిగి అయొడిన్ రాశాను. మండినా కదల్లేదు. అన్నం పెడితే తలొంచుకుని మొత్తం తింది. కంచం తానే కడిగి పెట్టి, మూట చంకన పెట్టుకుని, దుర్గ్‌లో విశాఖ వైపు వెళ్లే బండి ఎన్నింటికని అడిగింది. చెప్పాను. బస్టాండు దాకా వస్తానంటే వద్దంది. ఎండలో, చెప్పులు లేకుండా, రోడ్డు మధ్యలోంచి నడిచి వెళ్లిపోయింది.